మూడో పొయ్యి

మా ఊరు జమ్మిరేవు. పేరులో రేవుంది గాని ఊళ్ళో లేదు. మా నాయనమ్మ హనుమాయమ్మ కాపరానికి వచ్చిన నాటికి కృష్ణ మా సాలెల వీధి చివరదాకా ఉండేదిట. తరవాత ఒక పెద్ద వరదకి ఏరు పక్కకి జరిగిపోయింది. రాతిమెట్లు మాత్రం జరగలేదు. ఇరవైరెండు మెట్లు దిగితే ఇసక వస్తుంది. ఆ ఇసకలో అరమైలు నడిస్తే నీళ్ళు. కొత్తగా వచ్చిన చుట్టాలు చెంబు పుచ్చుకుని మెట్లన్నీ దిగి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదు గదా అనుకుని మళ్ళీ ఎక్కి వస్తుంటారు. మేం అరుగుల మీద కూచుని చూస్తూనే ఉంటాం.

నలభై ఒకటో సంవత్సరం జనాభా లెక్కలప్పుడు కరణం సంజీవరావు గారు నన్ను పిలిచి మా వీధి లెక్క నన్నే రాయమన్నారు. ఐదో తరగతి చదివి, దస్తూరీ బాగుండి, ఎక్కువ మాట్లాడనివాడు కావాలన్నారు. మా వీధిలో ఐదో తరగతి చదివినవాళ్ళు ముగ్గురం. మాట్లాడనివాణ్ణి నేనొక్కణ్ణే. లెక్కతో బాటు తాలూకా కచేరీకి ఊరి గురించి ఒక పేజీ కూడా పంపాలిట, ఎల్లలూ చరిత్రా జనమూ అన్నీ కలిపి. ఆ పేజీ ఆయన అప్పటికే రాసి పెట్టుకున్నారు. ఊరికి తూర్పున ఆనుకుని కృష్ణానది పారుతున్నదని ఉంది అందులో. ఇసక సంగతి రాయలేదేమండీ అని అడిగాను.

"నది రేపు తిరిగొచ్చిందనుకో, కాగితం మళ్ళీ రాయనిస్తారా?" అన్నారు కరణంగారు.

పని రెండు విడతలు. పుష్యమాసంలో ఇళ్ళకి తారుతో నంబర్లు వెయ్యాలి. మాఘం చివరికి మనిషికొక చీటీ నింపాలి. ఇల్లంటే ఏమిటో ఆయన నాకు విడమరిచి చెప్పారు. గోడలూ కప్పూ కాదు. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ఒక కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండిళ్ళు. అది చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం వంక చూడలేదు. మా ఇంటి సంగతి ఆయనకి తెలుసు. ఊరందరికీ తెలుసు.

మా ఇల్లు తాత కట్టింది. ముందు పంచ, దాని వెనక మగ్గాల సావిడి, ఆ వెనక వంటిల్లు. సావిడిలో రెండు గుంటమగ్గాలు పక్కపక్కన. ఒకదాని మీద పెదనాన్న పాండురంగయ్య నేసేవాడు, రెండోదాని మీద మా నాన్న ఏడుకొండలు. పెదనాన్న భార్య భద్రమ్మ పెద్దమ్మ. మా అమ్మ వెంకటరావమ్మ. నాయనమ్మా పిల్లలమూ కలుపుకుని పదిమందిమి. పాతికేళ్ళు అందరికీ ఒకటే పొయ్యి.

ఆ పొయ్యి కార్తీకంలో రెండైంది. గంజి వల్ల.

మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు పడుగుకి గంజి పట్టిస్తేనే పోగు నిలుస్తుంది. ఆ గంజి ముందురోజే కాచి పులియనివ్వాలి. అమ్మ కాచి, కుండలో పోసి, పెరటిగోడ వార పెట్టింది. పెద్దమ్మ అది కుడితి అనుకుని గేదెకి పోసేసింది. తెల్లారేసరికి కుండ ఖాళీ. అప్పటికప్పుడు కాచిన పచ్చిగంజి పట్టించారు. పడుగు మగ్గమెక్కాక పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగడం మొదలెట్టాయి. నాన్న రెండు రోజులు కూచుని మూరెడు నేశాడు.

కళ్ళున్నవాళ్ళు గంజికీ కుడితికీ తేడా చూస్తారంది అమ్మ. తేడా కనపడేలా కాస్తే చూస్తారంది పెద్దమ్మ. అంతటితో పోయేదేమో గాని, గేదె ఆ పూట అరసేరు పాలు ఎక్కువిచ్చిందని పెద్దమ్మ పక్కింట్లో చెప్పింది. అది అమ్మ చెవిన పడింది. మర్నాడు అమ్మ పెరట్లో వేరే పొయ్యి వేసుకుంది.

పొయ్యి వేరైంది గాని పడుగు వేరు కాలేదు. పడుగు వీధిలో చాపాలి, నలభై గజాల పొడుగు. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు బిగబట్టి నిలబడాలి. మధ్యలో ఇద్దరు గంజి పోగులు అంటుకోకుండా కుంచె తీయాలి. ఏ ఒక్కరి సంసారంలోనూ అంతమంది లేరు. అంచేత పోట్లాడుకున్న ఇద్దరూ తెల్లవారుజామునే ఒక పడుగుకి రెండు చివరలూ పట్టుకు నిలబడేవారు. మాటల్లేవు. చెప్పాల్సిందేదన్నా ఉంటే పడుగుతో చెప్పేవారు. ఈ పడుగు ఆ చివర వదులైందని అమ్మ పడుగుతో అనేది. ఈ చివర బాగానే ఉంది, ఆ చివర సంగతి చూసుకోమని పెద్దమ్మ అదే పడుగుతో అనేది. మధ్యలో కుంచె తీస్తున్న నాన్నా పెదనాన్నా తలెత్తేవారు కాదు. మా పడుగు చాపే రోజున వీధిలో మిగతావాళ్ళు కాస్త పెందలాడే నిద్ర లేచేవారు.

అమ్మ పుట్టిల్లు మంగళగిరి. అక్కడి షావుకారు ఒకాయన నాన్నకి కూలిమగ్గం ఇస్తానని కబురంపాడు. శివరాత్రి వెళ్ళగానే బండి కట్టించుకుని పోదామని అమ్మ నిశ్చయం చేసింది. నాన్న ఔననలేదు, కాదనలేదు. పగలంతా గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు. సాయంత్రం పైకి వచ్చి ఆ గుంట వంకే చూస్తూ కూచునేవాడు. మగ్గం విప్పి బండి మీద వేసుకోవచ్చు. గుంటని ఏం చేస్తాం.

నాకూ పోవాలని లేదు. నాయనమ్మని వదిలి అసలే లేదు. ఆమె ఎవరి దగ్గర ఉండేదీ ఎవరూ తేల్చలేదు. పగలు పెద్దమ్మ పొయ్యి దగ్గర తినేది, రాత్రి మా పొయ్యి దగ్గర తినేది. మిగతా వేళంతా సావిట్లో స్తంభానికి ఆనుకుని అచ్చు అతికేది. మగ్గం మీది పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని పోగు పోగుకీ కొత్త పడుగు పోగు కలిపి మెలిపెట్టాలి. వెయ్యిన్నీ చిల్లర పోగులు. నాయనమ్మ వేళ్ళకి కళ్ళతో పని లేదు.

నంబర్లు వేసే రోజు వచ్చింది. తారు డబ్బా పుచ్చుకుని వీధి మొదట్నించీ వేసుకుంటూ వచ్చాను. అరవైరెండో ఇంటి దగ్గర ఉండగానే అమ్మ చెంగు కప్పుకుని వచ్చి, మనది విడిగా వెయ్యి, లేకపోతే మీ నాన్న పేరు మీ పెదనాన్న కింద పడిపోతుందని చెప్పి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే పెద్దమ్మ వచ్చి, నాయనా మాది విడిగా వెయ్యి, వేరు కుంపట్లవాళ్ళని మా కింద రాసి మాకు తిప్పలు పెట్టకు అని చెప్పి వెళ్ళింది. మూడు నెలల్లో ఇద్దరూ ఒక మాట మీద ఉండడం అదే మొదలు.

ద్వారబంధం మీద ఎడంపక్క పెదనాన్న వాళ్ళకి 63-1 అని, కుడిపక్క మాకు 63-2 అని వేశాను. నాన్న బయటికి వచ్చి చూసి లోపలికి పోయాడు. పెదనాన్న వచ్చి చాలాసేపు చూశాడు.

"దస్తూరీ బాగుందిరా," అని ఆయనా లోపలికి పోయాడు.

చీటీల వేళకి గొడవ నాయనమ్మ దగ్గర ఆగింది. ఒక మనిషిని ఒక్క ఇంట్లోనే రాయాలి. వెనకటి లెక్కల్లో రాత్రి ఎక్కడుంటే అక్కడే రాశారట, రాత్రి తినేది మన దగ్గరే గదా అని అమ్మ వాదన. తల్లి పెద్దకొడుకు ఇంట్లో లేదంటే ఊళ్ళో తలెత్తుకుని తిరగలేమని పెద్దమ్మ వాదన. ఎవరి చీటీల్లో ఆమె పడితే ఆమె ఇక వాళ్ళ మనిషేనని ఇద్దరికీ గట్టి నమ్మకం. నాకూ అదే భయం. మా దాంట్లో రాస్తే అరవై దాటిన మనిషిని బండెక్కించి మంగళగిరి తీసుకుపోతారు. అటు రాస్తే నేను బండిలోంచి వెనక్కి చూసుకుంటూ పోవాలి. ఖాళీ చీటీ జేబులో పెట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. కరణంగారిని అడిగితే, సగం సగం రాయడానికి చీటీలో చోటు లేదన్నారు.

ఆ పదిహేను రోజులూ నాయనమ్మకి పగలూ రాత్రీ నెయ్యి పడింది. పెద్దమ్మ ఒక చెంచా వేసిందని తెలిస్తే అమ్మ రెండు వేసేది. మనిషి కాస్త నిగ్గు తేరింది కూడాను.

ఒక మధ్యాహ్నం అచ్చు అతుకుతూ, తలెత్తకుండానే అడిగింది.

"ఏరా అప్పయ్యా, నన్నెందులో రాశావు?"

"ఇంకా రాయలేదు నాయనమ్మా."

"ఏం?"

"అమ్మ ఒకటంటోంది. పెద్దమ్మ ఇంకోటంటోంది."

"మరి నేనేమంటున్నానూ?"

చీటీల కోసం వీధిలో అందరినీ అడిగాను. నీళ్ళ దగ్గర గుడిసెలో ఉండే పడవ శౌరయ్య ఎవరి వీధి లెక్కలోకీ రాకపోతే, అతన్ని కూడా ఇసకలో వెళ్ళి అడిగి వచ్చాను. ఈమెని మాత్రం ఎవరం అడగలేదు.

ఇల్లంటే ఏమిటని చెప్పాడు ఆ కరణం అని అడిగింది. పొయ్యి అని చెప్పాను. పొయ్యికి మగాడు ఉండాలని ఏమన్నా ఉందా అంది. అలాగేం లేదన్నాను. నాయనమ్మ చేతిలో పోగు మెలిపెట్టి, చీర దులుపుకుని లేచింది.

"అయితే ఇటికలు పట్రా."

ముందు పంచలో, సరిగ్గా ద్వారబంధం ఎదురుగా పొయ్యి పెట్టింది. తరవాత లోపలికి వెళ్ళి ఇద్దరు కోడళ్ళనీ విడివిడిగా పలకరించింది. ఒక పూట నువ్వు పెడుతున్నావు గదా, ఆ పూట గింజలు నాకు పచ్చివే ఇచ్చెయ్యమ్మా, నా ఇంట్లో నేను వండుకుంటానంది. పెద్దమ్మ మొహం ముడుచుకుని సోలతో బియ్యం పోసింది. చిన్నకోడలు తవ్వతో ఇచ్చిందే అంది నాయనమ్మ. పెద్దమ్మ సోల అవతల పెట్టి దానికి నాలుగింతలుండే మానిక తీసింది. ఆ సంగతి అమ్మకి చేరాక అమ్మ రెండు మానికలూ, ఒక గుమ్మడిపండూ పంపింది. సాయంత్రానికి ఇంట్లో అన్నిటికంటే నిండుగా ఉన్న బియ్యపుకుండ నాయనమ్మదే.

నేను ద్వారబంధం నడుమ 63-3 అని వేశాను. కరణంగారు అటు పోతూ ఆగి చదివారు. మీ ఇల్లొక్కటీ ఇలాగే సాగితే మన ఊరు పట్నం అయిపోతుందిరా అన్నారు.

మర్నాడు నాయనమ్మ లంక వంకాయలు తెప్పించి కూర చేసింది, దోసకాయ పప్పు వండింది. పంచలో పొయ్యి కాబట్టి వాసన తిన్నగా సావిట్లోకి వచ్చింది. రెండు మగ్గాల చప్పుడూ మందగించింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, పాండూ, ఏడుకొండలూ, మా ఇంటికి భోజనానికి రండని పిలిచింది. ఎవరింటికో వచ్చిన చుట్టాలని పిలిచినట్టే పిలిచింది. నాన్న పెరటివైపు ఒకసారి చూశాడు. పెదనాన్న వంటింటివైపు చూశాడు. పిలిచి పెడతానంటే కాదనడం మర్యాద కాదని పెదనాన్న గుంటలోంచి లేచాడు. నాన్న ఆ మాట పూర్తయ్యేలోపే లేచాడు.

కార్తీకం తరవాత అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన విస్తళ్ళ ముందు కూచోవడం అదే. ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. పప్పు వంక చూశారు. పిల్లలు ఒక్కొక్కరే చేరారు. నేనూ చేరాను.

అమ్మా పెద్దమ్మా ఆ రోజు ఎవరి వంట వాళ్ళు వండుకుని, ఎవరూ రాకపోతే ఎవరి అన్నం వాళ్ళు తిన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మ వంటింట్లోకి తొంగి చూసింది. అక్కడ పొయ్యి వెలగలేదు. ఆవిడ వెలిగించనిది నేనెందుకు వెలిగించాలని తనూ వెలిగించలేదు. పెద్దమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ సరిగ్గా అదే అనుకుందని తరవాత తెలిసింది. అందరూ లేచాక, ఎదురుపడకుండా చెరొక వేళకి వచ్చి, నాయనమ్మ పెట్టింది తిని వెళ్ళేవారు.

శివరాత్రి వెళ్ళిన మర్నాడు తనిఖీకి వెంకటసుబ్బారావు గారని ఇన్‌స్పెక్టరు వచ్చారు. సైకిలు సగం దూరం తొక్కుకుంటూ, సగం దూరం ఇసకలో మోసుకుంటూ వచ్చారు. మా ద్వారబంధం ముందు నిలబడి మూడు నంబర్లూ చదివి, ఇది ఇల్లా సత్రమా అని నన్నడిగారు. పొయ్యిలు చూపించమన్నారు.

ఒకటో నంబరు పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. ఆయన చేతికర్రతో కదిపితే కళ్ళు తెరిచి, చూసి, మళ్ళీ పడుకుంది. రెండో నంబరు పొయ్యిలో కోడి రెండు గుడ్లు పెట్టింది. మూడోదాని మీద పప్పు ఉడుకుతోంది.

ఈ పొయ్యి మీద ఎవరెవరు తింటున్నారని అడిగారు. నేను వేళ్ళు ముడిచి అందరి పేర్లూ చెప్పాను. అమ్మా పెద్దమ్మా తలుపుకి చెరొక పక్కా నిలబడి ఉన్నారు. కాదని ఇద్దరూ అనలేకపోయారు. పూట పూటా తిన్నారు మరి.

"అయితే ఒకటే ఇల్లు," అన్నారాయన. రెండు నంబర్లూ కొట్టేసి యజమాని పేరేమిటన్నారు.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. నాయనమ్మ పొయ్యి ముందునుంచి లేవకుండానే, హనుమాయమ్మ అని చెప్పింది. ఇద్దరు కొడుకులుండగా ఆడపేరు రాయడమేమిటని ఆయన పెదనాన్న వంక చూశారు. పెదనాన్న పప్పు వంక చూశాడు.

"పొయ్యి నాది గదండీ," అంది నాయనమ్మ.

వయసెంత అన్నారు. ధాత నామ సంవత్సరపు కరువుకి పాకుతున్నానట, లెక్క మీరే కట్టుకోండి అంది. వృత్తి అడిగారు. అచ్చు అతుకుతానంది. ఆయన అన్నీ రాసుకుని, కొబ్బరిబొండం తాగి, సైకిలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. చివరి అంకెలు చెరిపెయ్యమని నాతో చెప్పారు గాని తారు అంత సులువుగా పోదు. ఇప్పటికీ వెతికితే కనపడతాయి.

కాగితం మీద ఇల్లు ఒకటైంది. అంతమాత్రాన ఆడవాళ్ళు మాట్లాడుకుంటారా? అమ్మ ఆ సాయంత్రమే గురువారానికి బండి చెప్పించింది. ఆ సంగతి నాన్నతో అన్నట్టుగా, పెద్దమ్మకి వినపడేంత గట్టిగా అంది. పెద్దమ్మ గేదెతో, ఎవరి దారి వాళ్ళదని అంది. నేను నా పుస్తకాలూ చొక్కాలూ మూట కట్టుకోలేదు. ఎవరన్నా అడిగితే కడదామనుకున్నాను.

యజమానురాలయ్యాక నాయనమ్మ చేతికి ధైర్యం వచ్చింది. పప్పులో ఉప్పు కాస్త ముందుకి వచ్చింది. మర్నాడు కూరలోనూ వచ్చింది. ఆ పైరోజు చారు నోట్లో పెట్టుకుని నాన్న కాసేపు మింగకుండా కూచున్నాడు. పెదనాన్న మజ్జిగ మీద మజ్జిగ పోయించుకున్నాడు. ఎలా ఉంది నాయనా అని నాయనమ్మ అడిగితే, బాగుందమ్మా అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. మగ్గాల దగ్గర మంచినీళ్ళ కుండ మధ్యాహ్నానికే అడుగంటేది. నీళ్ళు తేవాలంటే ఇరవైరెండు మెట్లు, అరమైలు ఇసక. తెచ్చేది నేను.

బుధవారం భోజనాలయ్యాక నేను సావిట్లో నాయనమ్మ పక్కన కూచుని పోగులు అందిస్తున్నాను. నాన్నా పెదనాన్నా నేస్తున్నారు. పెరట్లో అంట్లు తోముతున్న చప్పుడు. పొయ్యి ఒకటైతే అంట్ల కుప్పా ఒకటే అవుతుంది. రెండు నీళ్ళ బానలున్నాయి గాని బూడిద ఒక్కచోటే ఉంది. ఇద్దరూ దాని చుట్టూ కూచోక తప్పలేదు.

చాలాసేపు పీచు రాపిడే వినపడింది. తరవాత, ఈ గిన్నెకి కూడా ఉప్పు పట్టేసిందని పెద్దమ్మ గిన్నెతో అంది. గిన్నెకేం, గిన్నె తినదుగా అని అమ్మ తన చేతిలో గరిటెతో అంది.

మళ్ళీ పీచు.

"నాలిక నాకే చెడిందా ఏమిటి?" అంది పెద్దమ్మ. ఈసారి గిన్నెతో కాదు.

"నిన్న రాత్రి మూడుసార్లు లేచి నీళ్ళు తాగానక్కయ్యా."

నాన్న మగ్గం ఆగింది. పెదనాన్నది ఇంకొక్క దెబ్బ వేసి ఆగింది.

"నువ్వు చెప్పరాదూ ఆవిడకి," అంది పెద్దమ్మ.

"నేనా? పెద్దకోడలివి నువ్వుండగా?"

"నీదేం పోయింది. రేపు బండెక్కి పోతావు. ఈ ఉప్పంతా తినాల్సింది నేనొక్కత్తినేగా."

గిన్నె మీద గిన్నె బోర్లించిన చప్పుడైంది. నాన్న పోగుల మధ్య విసరాల్సిన నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఆవిడతో నిన్నొక్కదాన్నే వదిలేసి ఎలా పోతాను," అంది అమ్మ. "బండి వద్దని చెప్పిస్తాలే. ఆ తెడ్డు ఇటియ్యి."

నాన్న తల వంచుకుని నేత మొదలెట్టాడు. పెదనాన్న కూడా మొదలెట్టాడు. పెరట్లో ఇప్పుడు వంకాయకూర మీదికి వెళ్ళారు. అందులో ఎంత పడిందో ఒకరు చెబుతుంటే ఇంకొకరు అంత కాదు, ఇంకా ఎక్కువంటున్నారు.

నాయనమ్మ కళ్ళు మూసుకుని స్తంభానికి ఆనుకుని ఉంది. వేళ్ళు మాత్రం పోగులు మెలిపెడుతూనే ఉన్నాయి. నేను దగ్గరికి వంగి, రేపటినుంచన్నా ఉప్పు కాస్త తగ్గించకూడదా నాయనమ్మా అన్నాను.

"ఇప్పుడే గదరా మాటలు కలిశాయి," అంది కళ్ళు తెరవకుండానే. "రేపు ఇంకో చిటికెడు వేసి చూద్దాం."